పాత షాట్‌గన్‌కి పట్టిన తుప్పు తీయడం ఎలా? రంగు పోకుండా, గుర్తులు చెరక్కుండా

"పాత తుపాకీ ఒకటి బయటపడింది. ఎర్రగా తుప్పు పట్టి ఉంది. ఏం రాస్తే పోతుంది?" ఈ ప్రశ్న నాకు ఎదురుకాని నెల లేదు. అడిగేవాళ్లు చాలావరకు అప్పటికే ఉప్పు కాగితంతో ఓ మూల గీకేసి, అక్కడ వెండిలా తెల్లటి మచ్చ తేలేసరికి కంగారుపడి వచ్చినవాళ్లు. ఆ మచ్చ ఇక మాయం కాదు. అందుకే చెయ్యి వేయకముందు తెలియాల్సినవన్నీ ఒకచోట రాస్తున్నాను.

సిద్ధాంతం ఒక్క ముక్కలో చెప్తాను. తుప్పు రెండు రకాలు. ఎర్రది బతికున్న తుప్పు: పొరలుగా ఊడుతూ, తేమ పీలుస్తూ, కింద ఇనుమును తింటూనే ఉంటుంది. నల్లది చచ్చిన తుప్పు. దాన్ని మాగ్నెటైట్ అంటారు. అది ఉక్కును అంటిపెట్టుకుని అలాగే ఉండిపోతుంది. పాత బ్యారెల్ (తుపాకీ గొట్టం) మీద కనిపించే నీలి నలుపు రంగు, అంటే బ్లూయింగ్, నిజానికి ఈ నల్ల తుప్పే. కాబట్టి "తుప్పును పూర్తిగా కరిగిస్తుంది" అని చెప్పి అమ్మే ద్రవం ఏదైనా బ్లూయింగ్‌ను కూడా ఊడ్చేస్తుంది. వెనిగర్, ఫాస్ఫారిక్ యాసిడ్ కలిసిన రస్ట్ రిమూవర్లు, నిమ్మ ఉప్పు అన్నీ ఇంతే. మనం చంపాల్సింది ఎర్రదాన్ని. నల్లదాన్ని ఉంచుకోవాలి.

ఇంకో మాట. ఇది ఇంట్లో దాచుకోవడానికి, గోడకు పెట్టుకోవడానికి తుపాకీని నిలబెట్టే పద్ధతి. కాల్చడానికి పనికొస్తుందా అన్నది వేరే సంగతి, దాని గురించి చివర్లో చెప్తాను. తుపాకీ మీ దగ్గర ఉండడానికి మీ దేశ చట్టం ప్రకారం కావాల్సిన కాగితాలు సరిగా ఉన్నాయో లేదో కూడా ముందే చూసుకోండి.

కావాల్సినవి

- 0000 నంబరు స్టీల్ వూల్ (అన్నిటికన్నా మెత్తనిది), దొరికితే కంచు ఊలు
- తుపాకీ నూనె, బిగిసిన మరలకు పెనెట్రేటింగ్ ఆయిల్, కొంచెం కిరోసిన్
- చివర సాగగొట్టి చదును చేసిన చిన్న రాగి గొట్టం ముక్క
- అసిటోన్, గిన్నెలు తోమే లిక్విడ్
- డిస్టిల్డ్ వాటర్ (లేకపోతే శుభ్రంగా పట్టిన వాన నీళ్లు)
- బ్యారెల్ మొత్తం మునిగేంత పొడవున్న ఇనుప తొట్టి. ఉడకబెట్టే పద్ధతికి మాత్రమే ఇది కావాలి
- మీ బోర్ (బ్యారెల్ లోపలి రంధ్రం) సైజుకు సరిపోయే కంచు బ్రష్, కడ్డీ, పాత నూలు గుడ్డలు
- మర గాడికి కచ్చితంగా సరిపోయే స్క్రూడ్రైవర్లు
- రబ్బరు గ్లవ్స్, భూతద్దం, సన్నటి టార్చి

గ్లవ్స్ విషయంలో నిర్లక్ష్యం వద్దు. చెమటలోని ఉప్పు రేపటి తుప్పుకు విత్తనం. పైగా పాత బోర్‌లో సీసం మిగిలి ఉంటుంది కాబట్టి పని మధ్యలో ఏమీ తినకండి. అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

1. ఖాళీగా ఉందని రుజువు చేసుకోండి

తెరుచుకునే తుపాకీ అయితే తెరిచి ఛాంబర్లు (తూటా కూర్చునే చోట్లు) కళ్లతో చూడండి, వేలుపెట్టి తడమండి. తుప్పు వల్ల తెరుచుకోకపోతే "ఎన్నేళ్ల నుంచో ఇలాగే ఉంది, ఏముంటుందిలే" అనుకోవద్దు. లోపల తూటా ఉన్నట్టే లెక్క. బలవంతం చేయకుండా గన్‌స్మిత్‌కి (తుపాకులు బాగుచేసేవాడికి) ఇవ్వండి.

మూతి వైపు నుంచి మందు దట్టించే తుపాకీలతో ఇంకా జాగ్రత్త కావాలి. చెక్క కడ్డీని బ్యారెల్‌లోకి చివరిదాకా దింపి, మూతి దగ్గర కడ్డీ మీద గీత పెట్టండి. తర్వాత అదే కడ్డీని బ్యారెల్ బయట ఆనించి చూడండి. కడ్డీ కొస దాదాపు వెనక కొస దాకా, పేల్చే క్యాప్ పెట్టే చిన్న మొన (నిపుల్) దగ్గరికి రావాలి. రెండు మూడు అంగుళాల ముందే ఆగిపోతే లోపల ఏదో ఉంది. నల్ల మందు (పాత కాలపు తుపాకీ మందు) పొడిగా ఉంటే దశాబ్దాలైనా చావదు. దాన్ని మీరు తీయకండి, వేడి తగలనివ్వకండి.

2. ఫొటోలు తీయండి, పైపూత ఏ రకమో తేల్చుకోండి

ఈ మెట్టు దాటేసినవాళ్లే ఎక్కువ నష్టపోతారు. ముందు అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీయండి. బ్యారెళ్లను విడదీసి, వాటి అడుగున వెనక భాగంలో ఉండే గుర్తులను విడిగా తీయండి. అవి ప్రూఫ్ మార్కులు. లండన్‌లో 1637 నుంచి, బర్మింగ్‌హామ్‌లో 1813 నుంచి బ్యారెళ్లను పరీక్షించి ముద్రలు వేసే సంస్థలున్నాయి. మరికొన్ని దేశాల్లోనూ ఇలాంటివి ఉన్నాయి. ఆ బ్యారెల్‌ను నల్ల మందుకే పరీక్షించారా, తర్వాత వచ్చిన పొగరాని మందుకు కూడానా అన్నది ఆ ముద్రలే చెప్తాయి. వాటి మీద ఊలు తిప్పకండి.

పైపూత ఇలా గుర్తుపట్టండి:

నీలి నలుపు బ్లూయింగ్: కింద చెప్పే 4, 5 మెట్లు రెండూ దీనికి పనికొస్తాయి.

గోధుమ రంగు పూత: చాలా పాత బ్యారెళ్ల మీద కావాలనే తుప్పు పట్టించి తెచ్చిన గోధుమ రంగు ఉంటుంది. తాకితే నున్నగా, ఒకే తీరుగా ఉంటుంది. గుడ్డతో తుడిస్తే పొడి రాలదు. దీన్ని తుప్పనుకుని గీకేవాళ్లు ఎందరో. ఉడకబెడితే నల్లగా మారిపోతుంది. నూనె, మెత్తటి గుడ్డ తప్ప ఇంకేమీ వద్దు.

డమాస్కస్: ఇనుము, ఉక్కు పట్టీలను మెలితిప్పి కలిపి అతికిన బ్యారెల్. మెలికలు మెలికలుగా చారలు కనిపిస్తాయి. తుప్పు కింద చారలు దాక్కుని ఉండొచ్చు కాబట్టి ఫోరెండ్ (బ్యారెల్ కింద చేత్తో పట్టుకునే చెక్క) కింద దాగి ఉండే భాగంలో చూడండి. దీన్నీ ఉడకబెట్టొద్దు, నూనె పద్ధతి చాలు.

మచ్చలు మచ్చలుగా రంగులు: యాక్షన్ (బ్యారెల్ వెనక ఉండే యంత్రభాగం) మీద, లాక్ ప్లేట్ల (పేల్చే యంత్రాన్ని మోసే పక్క రేకులు) మీద నీలం, గోధుమ, బూడిద రంగులు మబ్బుల్లా కలిసి కనిపిస్తే అవి లోహాన్ని గట్టిపరిచేటప్పుడు వచ్చినవి. ఆ పొర ఎంత పలచన అంటే స్టీల్ వూల్ నాలుగు రాపిడిలకే పోతుంది. నూనె గుడ్డ ఒక్కటే వాడండి.

నేను మొదటిసారి చేసిన తప్పు ఇక్కడే. ఒక డబుల్ బ్యారెల్ లాక్ ప్లేట్ మీద నల్లటి జిడ్డనుకున్నదాన్ని మెరిసేదాకా రుద్దాను. సాయంత్రానికి ప్లేటు కొత్త చెంచాలా ఉంది. దాని మీద చెక్కిన సన్నటి తీగల బొమ్మ సగం కనిపించలేదు. ఆ తుపాకీ ఇప్పటికీ నా దగ్గరే ఉంది, చూపించడానికి మాత్రం సిగ్గేస్తుంది.

3. విప్పండి, కానీ తక్కువ విప్పండి

బ్యారెళ్లు, ఫోరెండ్, స్టాక్ (భుజానికి ఆనించే చెక్క) విడిగా రావాలి. అంతకుమించి లోపలి యంత్రం విప్పొద్దు. పాత లాక్‌లలో వంగిన పట్టీ స్ప్రింగులుంటాయి. వాటికి తగిన బిగింపు లేకుండా విప్పితే ఎగిరి ముఖాన తగలొచ్చు, లేదా విరుగుతాయి. విరిగితే అదే కొలతలో ఇంకొకటి దొరకడం కష్టం. లోపలికి కిరోసిన్ పోసి, ఊపి, ఒంపేసి, ఆరాక పలచటి నూనె రెండు చుక్కలు వేస్తే చాలు. ఇదంతా స్టాక్ విడిపోయాకే చేయాలి, లేకపోతే చెక్క కిరోసిన్ తాగేస్తుంది. మీ తుపాకీ స్టాక్ తేలిగ్గా విడిపోయే రకం కాకపోతే ఈ పని గన్‌స్మిత్‌కి వదిలేయండి.

విప్పక తప్పని మర మొరాయిస్తే:

- ముందు గాడిలో పేరుకున్న మట్టిని సూదితో తీయండి. పాత మరల గాళ్లు చాలా సన్నం. మామూలు స్క్రూడ్రైవర్ కొస అందులో అడుగుదాకా దిగదు, పైపైన పట్టి గాడి అంచు తుంచేస్తుంది. స్క్రూడ్రైవర్‌నే అరగదీసి గాడికి సరిపెట్టండి.
- పెనెట్రేటింగ్ ఆయిల్ వేసి ఒక రాత్రి, కుదిరితే మూడు రాత్రులు వదిలేయండి.
- ఆ నూనె తుడిచేసి, సోల్డరింగ్ ఐరన్ మొనను మర తల మీద రెండు నిమిషాలు ఆనించండి. చల్లారాక మళ్లీ నూనె వేయండి.
- మొదట బిగించే వైపుకు వెంట్రుకవాసి తిప్పి, తర్వాత వదులు చేసే వైపుకు తిప్పండి.

ఇన్ని చేసినా కదలకపోతే వదిలేయండి. అట్టముక్క మీద తుపాకీ బొమ్మ గీసి, ఏ మర ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టండి. చేత్తో చేసిన తుపాకుల్లో ఒక మర ఇంకో చోట సరిగా కూర్చోదు.

4. నూనె పద్ధతి (పైపై తుప్పుకు)

ముందు ఎప్పుడూ ఇదే. చాలా తుపాకులకు ఇక్కడితోనే పని అయిపోతుంది.

తుప్పు ఉన్నచోట నూనె ధారాళంగా రాసి 24 గంటలు వదిలేయండి. మరునాడు నూనెలో ముంచిన 0000 స్టీల్ వూల్‌తో, వేళ్ల బరువు తప్ప ఇంకేం వేయకుండా, పొడవు వెంట రుద్దండి. నాలుగైదు రాపిడిలకోసారి గుడ్డతో తుడిచి చూడండి. గుడ్డకు ఎరుపు అంటుతున్నంతసేపు దిగేది తుప్పు. నీలి నలుపు అంటడం మొదలైందంటే బ్లూయింగ్ దిగుతోందని అర్థం. వెంటనే ఆపండి.

పొక్కుల్లా లేచిన గట్టి మచ్చల మీద నూనె వేసి రాగి ముక్క అంచుతో గీకండి. రాగి ఉక్కుకన్నా మెత్తన, అందుకే తుప్పు లేస్తుంది గానీ కింద గీతలు పడవు. రాగి రంగు నాణేలు వాడేవాళ్లున్నారు. వాటిలో చాలావాటికి రాగి పైపూత మాత్రమే, లోపల ఉక్కో జింకో ఉంటుంది. గొట్టం ముక్కే మేలు.

పొడి స్టీల్ వూల్, వంటింట్లో గిన్నెలు తోమే ముతక పీచు, డ్రిల్లుకు తగిలించే వైర్ చక్రం జోలికి మాత్రం వెళ్లకండి.

5. ఉడకబెట్టే పద్ధతి (బ్లూయింగ్ ఉండి, ఎర్రటి తుప్పు బాగా పాకినప్పుడు)

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. మరిగే నీళ్లలో ఎర్ర తుప్పు నల్ల తుప్పుగా మారుతుంది. బ్యారెళ్లకు పాత కాలంలో నిదానంగా బ్లూయింగ్ చేసిన పద్ధతిలోనూ జరిగేది ఇదే కాబట్టి, మీరు కొత్తగా ఏదీ పూయడం లేదు. ఉన్న తుప్పునే మచ్చిక చేసుకుంటున్నారు.

డబుల్ బ్యారెల్ అయితే ముందు ఒక పరీక్ష. రెండు బ్యారెళ్లను కలిపే రిబ్ పట్టీని టంకంతో అతికి ఉంటారు. వెనక కొక్కెం దగ్గర దారం కట్టి బ్యారెళ్లను వేలాడదీసి వేలి కణుపుతో కొట్టండి. గంటలా సాగే మోత వస్తే రిబ్ గట్టిగా ఉన్నట్టు. పగిలిన కుండలా బొద్దు శబ్దం వస్తే రిబ్ ఎక్కడో లేచింది. లేచినచోట నీళ్లు లోపలికి దూరి బయటికి రావు, లోపలి నుంచి కుళ్లబెడతాయి. అలాంటిదాన్ని ఉడకబెట్టొద్దు.

"వేడికి టంకం కరగదా?" అని అడుగుతుంటారు. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. సీసం, తగరం కలిసిన టంకం 183 డిగ్రీల దాకా కరగడం మొదలుకాదు. కాబట్టి నీళ్లతో భయం లేదు. భయపడాల్సింది వర్క్‌షాపుల్లో చేసే హాట్ బ్లూయింగ్‌కి. అందులోని కాస్టిక్ ఉప్పు ద్రావణం టంకాన్నే తినేస్తుంది. పాత డబుల్ బ్యారెల్‌ను దానికి ఎప్పుడూ ఇవ్వకండి.

చేసే వరస:

అ. బ్యారెల్‌ను లిక్విడ్ కలిపిన వేడి నీళ్లతో కడిగి, ఆరాక అసిటోన్‌తో తుడవండి. జిడ్డు ఉన్నచోట నీళ్లు తాకవు, తుప్పు మారదు. స్టీల్ వూల్‌కి కూడా ఫ్యాక్టరీలోనే నూనె పడుతుంది. దాన్నీ అసిటోన్‌లో ముంచి ఆరబెట్టండి. అసిటోన్ ఆవిరికి నిప్పు ఇట్టే అంటుకుంటుంది కాబట్టి ఇదంతా పొయ్యికి దూరంగా, గాలి ఆడేచోట చేయాలి. ఇక్కడి నుంచి వట్టి చేత్తో ముట్టుకోవద్దు.

ఆ. తొట్టిలో డిస్టిల్డ్ వాటర్ మరిగించి, బ్యారెల్‌ను పూర్తిగా ముంచి, 20 నుంచి 30 నిమిషాలు తెర్లనివ్వండి. కుళాయి నీళ్లైతే వాటిలోని ఉప్పులు తెల్లటి మరకలు వదులుతాయి. జింకు పూత ఉన్న తొట్టి వద్దు.

ఇ. బయటికి తీస్తే ఎర్ర తుప్పు మఖమల్‌లా నల్లగా మారి ఉంటుంది. ఉక్కు వేడికి నీళ్లు వాటంతటవే ఆరిపోతాయి. లోపలి నీళ్లు ఒంపేసి గుడ్డతో లాగండి.

ఈ. పొడి స్టీల్ వూల్‌తో తేలిగ్గా తుడవండి. పొడి వూల్ వద్దన్న మాటకు మినహాయింపు ఇక్కడొక్కటే, ఎందుకంటే ఇప్పుడు పైనున్నది మెత్తటి మసి. అది రాలిపోయి కింద ముదురు రంగు పొర బయటపడుతుంది.

ఉ. భూతద్దంతో చూడండి. ఎక్కడైనా ఎరుపు మిగిలితే మళ్లీ ఉడకబెట్టండి. రెండు మూడు విడతలు మామూలే.

ఊ. ఇంకా గోరువెచ్చగా ఉండగానే నూనె దట్టంగా పట్టించి, రాత్రంతా వదిలి, పొద్దున తుడవండి.

అంత పెద్ద తొట్టి లేకపోతే బ్యారెల్‌ను వాలుగా నిలబెట్టి, మరిగే నీళ్లు ఒకేచోట పదేపదే పోయొచ్చు. చిన్న మచ్చలకు పనిచేస్తుంది. ట్రిగ్గర్ గార్డ్, బట్ ప్లేట్ (స్టాక్ వెనక కొసకు బిగించే రేకు) లాంటివైతే మామూలు స్టీలు గిన్నెలో పడతాయి. ఆ గిన్నె మళ్లీ వంటకి వాడకండి.

6. బోర్ లోపల

ముందు నూనె కాదు, వేడి నీళ్లు. నల్ల మందు మసిలోనూ, పాత ప్రైమర్లు (తూటా అడుగున నిప్పు రాజేసే భాగాలు) వదిలే ఉప్పులోనూ తేమను లాగే గుణం ఉంది. అవి నూనెలో కరగవు, నీళ్లలోనే కరుగుతాయి. పైన నూనె పూసి వదిలేస్తే కింద తినడం సాగుతూనే ఉంటుంది. ఉడకబెట్టినవాళ్లకు ఈ పని అయిపోయినట్టే. లేనివాళ్లు బ్యారెల్‌ను వేడి నీళ్లతో కడిగి, బాగా ఆరబెట్టి, తర్వాత కంచు బ్రష్‌కి నూనె వేసి వెనక నుంచి మూతి వైపుకు నడపండి.

ఇప్పుడు టార్చి వేసి చూడండి. మొదట నల్లగా కనిపించిన మచ్చల్లో కొన్ని సీసం, మసి. అవి బ్రష్‌కి పోతాయి. పోనివి గుంటలు. గుంటలు మాన్పడం కుదరదు. లోపల రాపిడి చేయించి గుంటలు తీయించొచ్చు గానీ, అంతమేర గోడ పలచబడుతుంది. కాల్చే ఉద్దేశం లేకపోతే శుభ్రం చేసి నూనె పట్టించి వదిలేయండి.

7. చెక్క

చెక్కను ఉప్పు కాగితంతో అరగదీయకండి. అరగదీస్తే చెక్క ఇనుముకన్నా కిందికి దిగి, అంచులు కలిసేచోట మెట్టు పడుతుంది. ఇది చూడగానే తెలిసిపోతుంది. మురికిని తడి పిండేసిన సబ్బు గుడ్డతో, పట్టు కోసం చెక్కిన గళ్లను పాత టూత్‌బ్రష్‌తో తుడవండి. ఇనుముకు ఆనే చోట చెక్క నల్లగా జిడ్డోడుతుంటే సుద్దపొడిని అసిటోన్‌లో ముద్దగా కలిపి పూయండి. ఆరేకొద్దీ నూనెను పైకి లాగుతుంది. నాలుగైదుసార్లు చేయాలి. నొక్కు పడినచోట తడి గుడ్డ వేసి ఇస్త్రీ పెట్టె ఆనిస్తే ఆవిరికి పైకి లేస్తుంది. తెగినచోట లేవదు.

ఆఖరున ఉడికించిన అవిసె నూనె వేలితో పలచగా రాసి, అరగంటకు తుడిచేయండి. ఆ నూనె గుడ్డలను ఉండలు చుట్టి మూలన పడేయకండి. వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లలో ముంచండి, లేదా బయట విడివిడిగా పరిచి ఆరనివ్వండి.

8. తుప్పు నిజంగా ఆగిందా?

పని అయిన రోజు ఏ తుపాకీ అయినా బాగానే కనిపిస్తుంది. వారం తర్వాత తెల్ల గుడ్డతో బ్యారెల్ అంతా తుడవండి. గుడ్డ మీద నారింజ రంగు కనిపిస్తే ఏదో గుంటలో ఎర్రది ఇంకా బతికే ఉంది. ఆ ఒక్కచోటే 4వ మెట్టు మళ్లీ చేయండి. నెల తర్వాత ఇంకోసారి చూడండి. ముఖ్యంగా మూడు చోట్లు: ఫోరెండ్ కింద, ట్రిగ్గర్ గార్డ్ చెక్కలో దిగేచోట, బట్ ప్లేట్ వెనక.

రెండుసార్లూ గుడ్డ తెల్లగా వస్తే పలచగా నూనె గానీ, మ్యూజియంలలో వాడే మైక్రోక్రిస్టలైన్ వ్యాక్స్ గానీ పట్టించండి. చేతులు తగిలేచోట వ్యాక్స్ ఎక్కువ కాలం నిలుస్తుంది. డబ్ల్యుడీ-40 తేమను తరమడానికి బాగుంటుంది, దాని పైన అసలు నూనె రాయాలి. తోలు ఒరలో, స్పాంజి పెట్టెలో దాచొద్దు. రెండూ తేమను పట్టి ఉంచుతాయి. మూతి కిందికి ఉండేలా నిలబెడితే నూనె చెక్కలోకి దిగదు.

కాల్చొచ్చా?

బయటికి మెరుస్తోంది కదా అని కాల్చొద్దు. ముందు గన్‌స్మిత్ చేత బ్యారెల్ గోడ మందం కొలిపించాలి. ఎక్కడ పలచగా ఉందో కంటికి తెలియదు. రిబ్ కింద, ఫోరెండ్ కింద బయటి నుంచి పడిన గుంట, లోపలి గుంట ఎదురెదురుగా ఉంటే మిగిలేది రేకే. డమాస్కస్ బ్యారెల్‌లో, నల్ల మందుకే ప్రూఫ్ అయిన బ్యారెల్‌లో ఇప్పటి తూటాలు వేయకూడదు. ఛాంబర్ పొడవు కూడా కొలిపించండి. పాత 12 బోర్ తుపాకుల్లో చాలావాటి ఛాంబర్ రెండున్నర అంగుళాలే (సుమారు 64 మిల్లీమీటర్లు), ఇప్పుడు ఎక్కువగా దొరికే తూటా 70 మిల్లీమీటర్లు. తూటా కొలత పేలి విచ్చుకున్నాక ఉండే పొడవు కాబట్టి, పేలకముందు అది పొట్టి ఛాంబర్‌లోకి చక్కగా దూరుతుంది. "దూరింది కదా, సరిపోయినట్టే" అనుకుంటే పేలినప్పుడు విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి పెరుగుతుంది.

రంగు పోయినచోట సీసాలో దొరికే కోల్డ్ బ్లూ (వేడి లేకుండా రంగు పట్టించే ద్రవం) రాయొచ్చా అని అడుగుతారు. మర తల మీద, చిన్న గీత మీద అయితే సరే. బ్యారెల్ మొత్తానికి రాస్తే మచ్చలుగా తేలి, ఏడాది తిరక్కుండా గోధుమ రంగుకు దిగుతుంది. రాసినచోట ఆ ద్రవం మిగిలితే అదే తుప్పు పట్టిస్తుంది. రాసితీరాలనుకుంటే ముందు బ్యారెల్ అడుగున, ఫోరెండ్ కింద దాగేచోట అంగుళం మేర రాసి, నూనె పట్టించి, నెల ఆగి చూడండి.